వెనుక సస్పెన్షన్ సూత్రానికి టీకా తాత్పర్యం

మూలం: ‘వెనుక చక్రమును ఊపి చూడుము. ప్లే అధికమైనచో బేరింగులు మార్చుము.’

టీక: ఏటీవీల, అనగా దారి లేని చోట నడవడానికి లావుపాటి టైర్లతో చేసిన బండ్ల, మరమ్మతు గ్రంథాలలో తరచు కనిపించే ధోరణికి ఇది మచ్చు. చక్రం, ఊపడం, చూడడం సుగమాలు గనుక విడువబడినవి. ‘ప్లే’ అనగా బిగువుగా ఉండవలసిన కీలులో చేతికి తగిలే వదులు. ఎంతకు మించితే అధికమో అధ్యాహారం చేసుకోవాలి, అనగా మూలంలో లేనిదానిని చదువరి తానే పూరించుకోవాలి. అనవసరమైనది చెప్పనని కావ్య వ్యాఖ్యాత మల్లినాథసూరి నియమం పెట్టుకోగా, ఈ సూత్రకారుడు అవసరమైనది కూడా చెప్పనని మరొక మెట్టు ఎక్కాడు.

తాత్పర్యం: ఏదో అరిగినది, డబ్బు సిద్ధము చేసికొనుము.

విశేషాలు: వెనుకనుంచి ‘టక్’మని వినవచ్చే చప్పుడే బేరింగు అరిగిందని ఊహించడానికి హేతువు కారాదా అని పూర్వపక్షం, అనగా ఎదుటివాని ఆక్షేపం. కారాదు, అది హేత్వాభాస, అనగా హేతువులా కనిపించే దోషం. అన్నంభట్టు రాసిన న్యాయశాస్త్ర గ్రంథం తర్కసంగ్రహంలో ఇవి ఐదు: సవ్యభిచారం, విరుద్ధం, సత్ప్రతిపక్షం, అసిద్ధం, బాధితం. మొదటిది మళ్ళీ మూడు విధాలు. వాటిలో సాధారణమనేది, సాధించదలచినది లేనిచోట కూడా ఉండే హేతువు. కొండ తెలియదగిన వస్తువు గనుక దానిమీద నిప్పున్నదని ఒకడు వాదిస్తే, చెరువూ తెలియదగినదే గదా, అందులో నిప్పేదీ అని అడగవచ్చు. అసాధారణం, అనుపసంహారి అనే తక్కిన రెండూ మరింత రుచికరమైనవి. శబ్దం నిత్యమనే మీమాంసకులకూ అనిత్యమనే నైయాయికులకూ మధ్య వివాదం వాటి వెంటనే వస్తుంది గాని, ఇక్కడి శబ్దం బండి ఆపగానే ఆగుతుంది గనుక అనిత్యపక్షమే గ్రాహ్యం. మన ‘టక్’ శబ్దం మాత్రం సాధారణమనే దోషం కిందికే వస్తుంది, ఏమంటే బేరింగు అరగకున్నా అది వదులైన చక్రపు నట్లవల్ల, సాగిన చైనువల్ల కూడా పుడుతుంది.

ప్రకృతానికి వస్తే, వెనుక ఇరుసు ఒకే కడ్డీగా ఉండే క్రీడా ఏటీవీలో వదులుకు కనీసం మూడు స్థానాలున్నవి. బండిని స్టాండుపై ఎత్తి, ఇరుసును మోస్తూ పైకీ కిందికీ ఊగే స్వింగార్మ్‌ను అడ్డంగా నెట్టినప్పుడు కదిలితే దాని మొదట ఉన్న పైవట్ బేరింగులు అరిగినట్లు. చక్రాన్ని మెల్లగా పైకెత్తితే షాక్ అబ్జార్బర్ కుదించుకోకముందే కొంత వదులు తెలిస్తే, షాక్‌ను కలిపే లింకేజి కీళ్ళు అరిగినట్లు. స్వింగార్మ్ నిశ్చలంగా ఉండి ఇరుసు మాత్రమే ఊగితే దోషం ఇరుసు బేరింగుది, దానికి సస్పెన్షన్‌తో సంబంధమే లేదు. ఒకరు ఊపుతుండగా మరొకరు కీలుమీద వేలుంచితే ఈ భేదం స్పష్టమవుతుంది. చక్రమొక్కటే ఊపమన్న సూత్రం ఈ మూడింటినీ కలిపివేసినందువల్ల, ఒక చోట అరిగితే మూడు చోట్లా మార్పించి, గ్రంథకర్త పొదుపు చేసిన నాలుగు వాక్యాలకు బండి యజమాని మూల్యం చెల్లిస్తున్నాడు.

1970లో హోండా తెచ్చిన మూడు చక్రాల బండికి స్ప్రింగుల సస్పెన్షనే లేదు, బెలూను టైర్లే కుదుపులను మింగేవి గనుక అక్కడ ఈ సూత్రానికి అవకాశం లేదు. స్వింగార్మ్ ఉన్న బండ్లలో పైవట్‌లో సాధారణంగా ఉండేది నీడిల్ బేరింగు, అనగా సూదుల వంటి సన్నని రోలర్ల వరుస. అది పూర్తిగా తిరగక కొద్ది కోణంలోనే ఊగుతుంది గనుక రోలర్లు ఒకే తావును నొక్కి గుంటలు పెడతాయి, జోరు నీటి గొట్టంతో కడిగితే నీరు సీలు దాటి గ్రీజును చెడగొడుతుంది. ఇంతకూ మూలంలో గ్రీజు ప్రస్తావనే లేదు.