కదలని రాశి: ఒక మైలురాయి ఆత్మకథ

తూర్పు కనుమల రాతినుండి ఉలిదెబ్బలచే రూపుగొని, విశాఖపట్టణమునుండి పెందుర్తికి పోవు దారి ప్రక్కన నడుమువరకు భూమిలో పాతబడి, సున్నము పూసిన ముఖముపై నల్లని 10 అంకెను, దాని క్రింద పట్టణము పేరును మోయుచు నిలిచిన రాయిని నేను. నడక నా జన్మమున లేదు. అయినను నడచువారందరు నన్ను చూచియే తాము నడచినదెంతయో తెలిసికొనుచుందురు.

1956వ సంవత్సరమున తూనికల కొలతల చట్టము వచ్చి, దేశము క్రమముగా దశాంశపద్ధతికి మరలిన పిదప, ఒకనాడు కూలివాడొకడు రంగుడబ్బాతో వచ్చి నా పదిని చెరిపి పదునారు వ్రాసి పోయెను. నేను వెండ్రుకవాసి కదలలేదు, పట్టణమును కదలలేదు, మైలు ఒకటికి కిలోమీటర్లు 1.609 గనుక అంకె మాత్రము మారినది. ప్రమాణము చెప్పని అంకె సగము మాటయే యని ఆనాడు నేర్చుకొంటిని. 1933లో తెరువబడిన మన ఓడరేవునకు వచ్చు నావల మైలు మరియొకటి: అది 1.852 కిలోమీటర్లు, గంటకు అట్టి మైలొకటి సాగు వేగము ఒక నాట్. పది నాట్ల ఓడకు కాళ్ళుండి ఈ దారిన వచ్చినచో, గంట కొట్టకమునుపే నన్ను దాటిపోవును.

నాకు దాపుననే రైలుపట్టాలు గలవు. 1960వ దశకమున కొత్తవలస–కిరండూలు మార్గము పడినది మొదలు, బైలదిల్లా కొండల ఇనుపరాయిని నింపుకొన్న బండ్లు రేవునకు బరువుగా దిగుటయు, వట్టి పెట్టెలు గలగలలాడుచు మరల కొండదారి పట్టుటయు వినుచున్నాను. వాని వేగములు వేరు, కాలములు వేరు. దూరమొక్కటే పోవునపుడును వచ్చునపుడును సమానము. ఈ చిన్న సంగతిలోనే బీజగణితమంతయు ఇమిడియున్నదని ఒక సాయంకాలము తేటపడెను.

ఎనిమిదవ తరగతి చదువు బాలుడొకడు నాకు వీపు ఆనించి, మోకాళ్ళపై నోటుపుస్తకము పరచి, లెక్క వేయుచుండెను. ఒక సైకిలువాడు గంటకు 12 కిలోమీటర్ల వేగముతో పోయి, అదే దారిని 8 కిలోమీటర్ల వేగముతో మరలివచ్చెను, రాకపోకలకు 3 గంటల 20 నిమిషములు పట్టెను, దూరమెంత? బాలుడు పన్నెండును ఎనిమిదిని కూడి సగము చేసి వేగము పది యనుకొనెను, కాలమును 3.20 అని వ్రాసెను. హెచ్చవేసి 32 తెచ్చి, అందు సగము 16 అని గీత గీసి, వంగి నా ముఖము చూచి గంతువేసెను.

ఓడరేవులో పని ముగించుకొని సైకిలుపై వచ్చుచున్న వాని మేనమామ అచ్చట దిగి పుస్తకమందుకొనెను.

"ఏటిరా, గంటకి వంద నిమిషాలేటి? ఇరవై నిమిషాలంటే గంటలో మూడోవంతు గదా!"

"అయితే ఏటి మావా, జవాబొచ్చీసింది. రాయి మీద కూడా పదారే ఉంది."

నాకు నోరుండినచో అప్పుడే అరచియుందును. వేగమును పెంచిన తప్పొకటి, కాలమును కుదించిన తప్పొకటి, ఒకదానినొకటి కప్పుకొని ఒప్పు వేషము వేసికొన్నవి. అబద్ధసాక్ష్యమునకు నన్ను నిలిపిరి!

"సరే, వచ్చినప్పుడు నాలుగే అనుకో. మొత్తం అయిదు గంటల ఇరవై. ఇప్పుడు చెయ్యి," అనెను మేనమామ. బాలుడు ఎప్పటి దారినే పోయి, ఎనిమిదిని 5.20 తో హెచ్చవేసి, 41.6 లో సగము 20.8 తెచ్చి, నా వంక చూచెను. నా ముఖమున 16 చెక్కుచెదరక యుండెను.

అంత మేనమామ నా ప్రక్కనే చతికిలబడి, తెలియని దూరమునకు 'ద' అని పేరు పెట్టించెను. పోవుటకు ద/12 గంటలు, వచ్చుటకు ద/4 గంటలు, రెండును కలిసి 16/3 గంటలు; పన్నెండుచే హెచ్చవేయగా ద + 3ద = 64, కావున ద = 16. పిమ్మట బాలుడు తనంత తానే మొదటి లెక్కను మరల పట్టెను: ద/12 + ద/8 = 10/3; ఇరువదినాలుగుచే హెచ్చవేయగా 2ద + 3ద = 80; మరల పదునారే. సైకిలువాడు తక్కువ వేగమున ఎక్కువసేపు గడిపెను గనుక సగటు వేగము పది గాక, ఎనిమిది వైపునకు ఒరిగి 9.6 అయినదని వాడే మేనమామకు చెప్పెను. ఆ మాట విని నేను పొంగిపోయితిని.

ఇప్పుడు దారి వెడల్పయినది. మట్టి నా మెడవరకు వచ్చినది. రంగు వెలసినను 16 ఇంకను కానవచ్చును. లెక్కకు కూర్చుండు బాలబాలికలారా, నిమిషములను అరువదిచే భాగించి గంటలు చేయుడు; తెలియనిదానికి వెరవక పేరు పెట్టుడు; మారు రాశులలో మారనిదేదో వెదకి దానిపై సమీకరణము నిలుపుడు. జవాబు చెప్పుటకు నావంటి రాయి చాలును. అది ఎట్లు వచ్చినదో చెప్పుటకు మనుష్యుడే కావలెను.