ప్రాజెక్టు సారు

ప్రతి ఉన్నత పాఠశాలలోనూ ఒక ప్రాజెక్టు సారు ఉంటాడు. నల్లమల పక్కనున్న అచ్చంపేట దానికి మినహాయింపు కాదు. ఆయన చెప్పే సబ్జెక్టు ఏదైనా కావచ్చు. జేబులో కత్తెర, వేళ్ల మీద ఆరిన ఫెవికాల్ పొర ఆయన ఆనవాళ్లు. పిల్లలంటే ప్రాణం, అందుకే వాళ్లను ఏ పనీ చెయ్యనివ్వడు. "ఆగు బిడ్డా, నువ్వు కరాబు చేస్తవ్, నేను చేస్త" అన్నదే ఆయన బోధన పద్ధతి.

ఈయన అవసరం మార్కుల్లోనే ఉంది. పదో తరగతి ఫార్మేటివ్ పరీక్ష 20 మార్కుల్లో ప్రాజెక్టు పనికి 5. ఆరు సబ్జెక్టుల్లో నాలుగేసి ఫార్మేటివ్‌లంటే ఒక్కో పిల్లవాడికి ఏడాదికి 24 ప్రాజెక్టులు. అన్ని ఆలోచనలు ఎవరికీ రావు గానీ, అన్ని ఛార్టులు స్టేషనరీ దుకాణంలో దొరుకుతాయి.

సారు దగ్గర శాశ్వత నమూనాలు మూడు: వంటసోడాతో పొంగే అగ్నిపర్వతం, థర్మాకోల్ గాలిమర, ఇంకుడుగుంత. నల్లమల అంచున అగ్నిపర్వతమేమిటని ఎవరూ అడగరు. అది పొంగుతుంది, వచ్చిన అధికారి చప్పట్లు కొడతాడు. అమ్రాబాద్ పులుల అడవి పక్కనే ఉన్నా, ఛార్టు మీదికి నెట్ సెంటర్ నుంచి సైబీరియా పులి దిగుతుంది.

1993లో మొదలైన జాతీయ బాలల సైన్స్ కాంగ్రెస్ ఆయనకు కాస్త ఇబ్బంది. అక్కడ స్థానిక సమస్య, పిల్లలు స్వయంగా తీసిన కొలతలు, లాగ్‌బుక్ కావాలి. మూడు నెలల లాగ్‌బుక్‌ను సారు ఒక్క రాత్రిలో పూర్తిచేస్తాడు. అనుమానం రాకుండా పేజీకో పెన్ను మారుస్తాడు. చేతిరాత మాత్రం మారదు. "వాన కొలిచింది ఎవరమ్మా?" అని అడిగితే పాప నిజమే చెబుతుంది: "మా సారే."

ఇన్‌స్పైర్-మానక్ పథకానికి ఎంపికైన ఆలోచనకు 10,000 రూపాయలు వస్తాయి. ఆలోచన పిల్లలదై ఉండాలి. సారు పాతదాని ముందు ఒక మాట చేర్చి 'స్మార్ట్ ఇంకుడుగుంత' పంపుతాడు.

గద్వాల జిల్లా చింతలకుంటలో ఇంకోలా జరిగింది. హరితహారం మొక్కలు నాటేటప్పుడు చించి పారేసిన ప్లాస్టిక్ సంచులు ఒక విద్యార్థిని కంటపడ్డాయి. పల్లి పొట్టుతో, మట్టిలో కలిసిపోయే కుండీ చేసింది. దాన్ని తయారుచేసే యంత్రానికి హైదరాబాద్‌లోని నమూనాల తయారీ కేంద్రం టీ-వర్క్స్ సాయపడింది. పల్లికాయ అచ్చంపేట మార్కెట్‌కూ కుప్పలుగా వస్తుంది. ఆ వార్త చదివి స్ఫూర్తి పొందిన సారు, అదే కుండీని థర్మాకోల్‌తో చేసి పల్లిరంగు పూస్తాడు.

సారుకు ఎలక్షన్ డ్యూటీ పడిన వారం మాత్రం పిల్లలు ఒంటరివాళ్లవుతారు. వీధిలో ఏ నల్లా ఎంతసేపు వృథాగా కారుతోందో బకెట్ పెట్టి కొలుస్తారు. అట్ట వంకర, అంకెల మీద కొట్టివేతలు; కానీ ఏది అడిగినా జవాబు చెబుతారు. తిరిగొచ్చిన సారు వాళ్ల లాగ్‌బుక్ తిరగేసి, కొట్టివేతలు లేకుండా ఫెయిర్ చెయ్యడానికి ఇంటికి పట్టుకెళ్తాడు.