గెలిచినవాడు విందు చేసే పద్ధతి

సోమల పక్క ఊళ్లలో గట్టు తగాదా రాజీ అయ్యాక గెలిచిన పెద్దమనిషి ఏం చేస్తాడు? ఒక టీ తాగి, తుండుగుడ్డ దులుపుకొని ఇంటికి పోతాడు. శుద్ధ దండగ! రాజీ ఎట్లా జరపాలో ఈస్టిండియా కంపెనీ కారన్‌వాలిస్ దొరను చూసి నేర్చుకోండి. ఆయన మనకు కొత్తవాడేం కాదు, 1791 ఫిబ్రవరిలో మన మొగిలి కనుమ ఎక్కి మైసూరు టిప్పు సుల్తాన్ మీదికి దండు నడిపించినాడు.

ముందుగా, ఓడినవాణ్ణి విందుకు పిలవొద్దు. పిల్లల్ని పిలవండి. టిప్పు ఓడి రాజీకొచ్చాక, 1792 ఫిబ్రవరి 26న అతని కొడుకులు అబ్దుల్ ఖాలిక్, మొయిజుద్దీన్ శ్రీరంగపట్నం కోటలోంచి ఏనుగుల మీద వచ్చారు. ఒకడికి పదేళ్లు, ఇంకొకడికి ఎనిమిదేళ్లు అటూ ఇటూగా. వచ్చింది తాకట్టుకే. అయినా 21 ఫిరంగులు పేల్చండి. డేరా బయటికి ఎదురుపోయి వాటేసుకోండి, చెరో పక్క కూర్చోబెట్టుకోండి, తాంబూలం, అత్తరు ఇవ్వండి. చెరొక బంగారు గడియారం కూడా. తండ్రి కట్టాల్సింది 3 కోట్ల 30 లక్షలు, పైగా సగం రాజ్యం. సగం రొక్కం ఇప్పుడు, మిగతాది వాయిదాల మీద. ఇంట్లో టైము చూసేవాళ్లు ఉండాలి కదా.

మర్నాడు మీరే వాళ్ల డేరాకు పోండి. వాళ్లు కత్తులు ఇస్తే మీరు తుపాకులు ఇవ్వండి.

బేరం మధ్యలో చెడితే మొహమాటం వద్దు. కొడగు ఇవ్వనని టిప్పు మొరాయించగానే దొర ఏం చేశాడు? పిల్లల కావలివాళ్ల ఆయుధాలు లాక్కొని, పిల్లల్ని బెంగుళూరు దారి పట్టించాడు. తండ్రి దారికొచ్చాడు. మార్చి 19న సంధిపత్రం తెచ్చి దొర చేతికిచ్చింది ఆ పిల్లలే! ఇచ్చిన గడియారాలు మాత్రం వెనక్కి అడగొద్దు, మర్యాద కాదు.

ఫొటోగ్రాఫర్‌ను ముందే మాట్లాడుకోండి. దొర దండు వెంట రాబర్ట్ హోమ్ అనే చిత్రకారుడు ఉండేవాడు, పిల్లల్ని అప్పగించుకున్న ఘట్టాన్ని పెద్ద బొమ్మగా గీశాడు. అందులో తనను కూడా గీసుకున్నాడు. టిప్పు లేడు. అదే పద్ధతి, ఓడినవాడి ముఖం ఉంటే ఆల్బమ్ చెడుతుంది.

పిల్లల్ని మద్రాసులో ఉంచుకొని, 1794లో దేవనహళ్లి దగ్గర తండ్రికి అప్పగించారు. 1799లో కంపెనీ మళ్లీ శ్రీరంగపట్నం మీద పడింది, టిప్పు పోయాడు. మన గుర్రంకొండ సీమ నిజాముకు, మరుసటేడు కంపెనీకి దక్కింది. కాబట్టి, పక్క చేనివాళ్ల పిల్లలకు వాచీలు కొనేటప్పుడు ఏడేళ్ల గ్యారంటీ ఉంటే చాలు. అంతకు మించి డబ్బు పెట్టొద్దు.