ఎడమవైపు హెడర్ గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ ఎగ్జాస్ట్ హెడర్ గారికి,

మీరు క్షేమమే. మీ ఇరుగుపొరుగు వాళ్లు క్షేమంగా లేరు కాబట్టి ఈ ఉత్తరం రాయాల్సి వచ్చింది.

ముందు మీకు చేసిన మర్యాదలు గుర్తుచేస్తాను. 1965 మస్టాంగ్ కారులో 289 ఇంజిన్‌కు ఉన్న బరువైన పోత ఇనుప మానిఫోల్డ్‌ను విప్పి ఆ చోట మిమ్మల్ని కూర్చోబెట్టాను. సిలిండర్‌కొకటి చొప్పున నాలుగు పొడుగాటి గొట్టాలు స్టీరింగ్ బాక్సును తప్పించుకుంటూ దిగి, కింద కలెక్టర్‌లో కలిసే తీరు చూసి ముచ్చటపడ్డాను. సిరామిక్ పూత వేయించాను. గ్యాస్కెట్లలో మంచివే కొన్నాను.

సీ4 ఆటోమేటిక్ గేర్‌బాక్సు ఉన్నన్నాళ్లూ మనకు పేచీ లేదు. ఆ పక్క క్లచ్ సామానే లేదు కనుక జాగా అంతా మీదే. కానీ ఆ మూడు గేర్లతో హైవే ఎక్కితే ఇంజిన్ గోలపెట్టేది. 1983 నుంచి మస్టాంగ్‌లలో వచ్చిన ఐదు గేర్ల టీ5 మాన్యువల్ గేర్‌బాక్సు తెచ్చి వేశాను. అప్పుడు మొండికేశారు.

ఆ కాలపు మస్టాంగ్‌లో క్లచ్ పెడల్ తొక్కితే ఆ బలం ఒక అడ్డ కడ్డీ మీదుగా వెళ్లాలి. దాని ఒక కొస ఛాసిస్‌కు, రెండో కొస ఇంజిన్ బ్లాకుకు. సరిగ్గా ఆ మధ్యనే మీరు. తొక్కినప్పుడల్లా కడ్డీ మీ వెనక గొట్టాన్ని రాసుకునేది. పూత లేచిపోయి గోరంత మేర ఇనుము మెరుస్తోంది. పోనీ అని ఆ కడ్డీ బదులు కేబుల్ వేస్తే, దాని ప్లాస్టిక్ తొడుగును కరిగించి మీ ఒంటికే అంటించుకున్నారు. ఆ కమురు కంపు సీట్లకు పట్టింది. ఇంత ఆదరించినవాడికి మీరు చేయాల్సిన పని ఇదా?

సుత్తితో ఒక సొట్ట పెట్టమని చెప్పినవాళ్లున్నారు. చిన్న సొట్టకు ఇంజిన్ బలం చెప్పుకోదగ్గంత తగ్గదు, నిజమే. కానీ మీ మీద సుత్తి ఎత్తడానికి నాకు మనసొప్పలేదు.

కాబట్టి క్లచ్‌నే హైడ్రాలిక్‌కు మార్చాను. తోసే సిలిండర్ బెల్‌హౌసింగ్ లోపలే ఉంటుంది. బయటికొచ్చేది సన్నటి పైపు మాత్రమే. దానికి వేడి తగలని తొడుగు వేసి మీకు దూరంగా నడిపించాను. దాని జోలికి మాత్రం రావద్దు. అందులోని డాట్ 3 ద్రవం కొత్తదైనా 205 డిగ్రీలు దాటితే మరగొచ్చు, మీరు అంతకు మించి కాగుతారు. అది మరిగితే పెడల్ నేలకంటుకుపోయి నడిరోడ్డు మీద గేరు పడదు.

ఇక మీ స్థానం సంగతి. గేర్‌బాక్సుతోపాటు దాని కింది క్రాస్‌మెంబర్ కూడా మారింది. గేర్‌బాక్సు వెనక కొస ఎత్తు కాస్త తేడా వచ్చినా ఇంజిన్ ముందు మౌంట్ల మీద ఒరుగుతుంది, దానితోపాటే మీరూ జరుగుతారు. అందుకే మిమ్మల్ని ముందే బిగించడం ఇక ఉండదు. మౌంట్లు వదులు చేసి, డ్రైవ్‌షాఫ్ట్ కోణం చూసుకుని, ఆ ఎత్తు ఖాయమయ్యాక మౌంట్లు బిగించి, అప్పుడు మీ దగ్గరికి వస్తాను. బోల్టులన్నీ చేత్తో మర ఎక్కేదాకా రెంచి ముట్టను. బలవంతాన లాగి బిగిస్తే మీ ఫ్లాంజ్ ఒక మూల సరిగా ఆనక, గ్యాస్కెట్ కాలిపోయి, పొద్దున్నే టిక్కుటిక్కుమంటారు.

కారు నిలిపి ఉన్నప్పుడు సందు కనపడితే సరిపోదని కూడా మనవి. యాక్సిలరేటర్ తొక్కగానే ఇంజిన్ ఎడమపక్క పైకి లేస్తుంది, మీరూ లేస్తారు. స్టీరింగ్ షాఫ్టుకూ మీకూ మధ్య నా వేలు సులువుగా దూరాలి.

అప్పటికీ రాజీకి రాకపోతే పొట్టి హెడర్లు తెప్పిస్తాను. మీరిచ్చే బలం వాటితో రాదని తెలుసు. మిమ్మల్ని విప్పడం నాకు కష్టంగానే ఉంటుంది. కానీ సిగ్నల్ దగ్గర క్లచ్ తొక్కేది నా కాలు. అది ప్రతిసారీ పనిచేయాలి.

ఇట్లు,
ఆ కారును నమ్ముకున్నవాడు