డబ్బా మూగనోము

చొక్కా కొని ఫోన్లో పిన్ను కొట్టామో లేదో, కౌంటర్ మీది డబ్బా 'ఎనిమిది వందల యాభై రూపాయలు అందాయి' అని బజారంతా వినేలా అరుస్తుంది. మర్నాడు కుట్టు ఊడిన చొక్కా పట్టుకెళ్తే డబ్బా గొంతు పెగలదు. షాపాయన వేలు మాత్రం గోడమీది బోర్డుకేసి లేస్తుంది: 'అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు'.

లోపమున్న సరుకు వెనక్కి తీసుకుని, బిల్లులో రాసిన గడువులోగా, గడువే రాయకపోతే 30 రోజుల్లోగా డబ్బివ్వడానికి నిరాకరించడం అనుచిత వ్యాపార పద్ధతేనని 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం అంటోంది. ఆ ముక్క గోడకెక్కించడానికి మాత్రం ఏ షాపులోనూ మేకు దొరకదు. (బిల్లడిగితే 'ఫోన్లో వచ్చింది కదండీ' అంటారు, అది వేరే సంగతి.)

గట్టిగా నిలదీస్తే అసలు గుట్టు బయటపడుతుంది. 'డబ్బు మా అబ్బాయి ఖాతాలో పడిందండీ, వాడు బెంగళూరులో ఉంటాడు!' పుచ్చుకునేటప్పుడు రెండు సెకన్ల దూరంలో ఉన్న బెంగళూరు, ఇచ్చేటప్పుడు అంత దూరం ఎప్పుడు జరిగిందో!