ఎగురని గుండు

రెండు పౌనుల సీసపు గుండును నేను. ఎగురుట యెట్లుండునో యెఱుగను, ఎగురవలసినవాని యోగ్యతను నిర్ణయించుటయే నా వృత్తి. ఓరిగన్ తీరమున బాణములు చెక్కు నొక వృద్ధుని కొట్టములో, 26 అంగుళముల యెడముగా నాటిన రెండు మేకులపై ఆయన పోర్టు ఆర్ఫర్డు దేవదారు పుల్లను (పేరునకు దేవదారువే గాని జాతి వేఱు, చివ్వినపుడు అల్లమువలె ఘాటుగా వాసన వేయును) వార్షికరేఖలు నిలువుగా నుండునట్లు పరచి, దాని నడుమ నన్ను వ్రేలాడదీసి, పుల్ల యెంత క్రుంగెనో ముల్లు చూచి చదువుకొనును. 26ను ఆ క్రుంగిన అంగుళములచే భాగించినచో తగిన వింటి బలము పౌనులలో వచ్చును: 0.52 క్రుంగినది 50 పౌనుల వింటిది, 0.65 క్రుంగినది 40 పౌనులది.

వంగనిదే మేలిబాణమని వచ్చినవారెల్ల తలంతురు. తొలినాళ్ళ నేనును అట్లే తలచి, బిఱుసైన పుల్ల తగిలినపుడెల్ల మనసులో మెచ్చుకొంటిని. కాని అల్లెత్రాడు వింటి నడిమిరేఖకు పరుగిడుచుండగా, బాణము వింటికొయ్య ప్రక్కను ఒరసియుండుటచే, విడిచినంతనే అది పామువలె మెలిదిరిగి కొయ్యను తప్పించుకొని పోవలెను. మిక్కిలి బిఱుసైనది ఒక ప్రక్కకు, మిక్కిలి మెత్తనిది రెండవ ప్రక్కకు తొలగును. బాణమిట్లు మెలిదిరిగి కొయ్యను దాటిపోవుటకు ఎల్మరు అను విలువిద్యావేత్త 1913లో పెట్టిన పేరు మన యాలంకారికుల విరోధాభాసమునకు సరియైన మాట. హిక్‌మన్ అను భౌతికశాస్త్రవేత్త అతివేగముగా తీసిన చలనచిత్రములలో ఆ మెలిక కన్నులకు కట్టినది.

మా వృద్ధునకు గుఱికంటె దూరముపై మోహము కలుగుటతో నా పదవికి ముప్పు వచ్చెను. పదునెనిమిదవ శతాబ్ది చివర లండనులో తురుష్క రాయబారి కార్యదర్శి మహమూదు ఎఫెండి గాలివాటున 482 గజములు వేసెనని చదివి, ఆయన తురుష్కుల తీరున బాణములను నడుమ లావుగా, కొనలు సన్నముగా, పొట్టిగా చెక్కనారంభించెను. కొనల కలప తీసినచో బరువు తగ్గి దూరము పోవును. మేకుల దాపున వంపు స్వల్పమగుటచే నా లెక్క మాత్రము ఇంచుమించు మాఱదు. కుఱుచచేసిన పిమ్మట అవి మేకులను అందుకొననే లేకపోయెను. మేకులను దగ్గఱ చేయగా, ఎడము సగమైనచో క్రుంగుట ఎనిమిదవ వంతగును గదా, నా పాత పట్టికలన్నియు వ్యర్థమయ్యెను.

ఒకనాడు, చెక్కక మునుపు నా యెదుట 0.52 చూపిన రెండు పుల్లలను బాణములుగా తీర్చి బీటికి కొనిపోయెను. ఒకటి నిలుకడగా పోయెనట. రెండవది తోక యాడించుచు ముందే వాలెనట. సాయంకాలము రెండింటిని, దగ్గఱ చేసిన మేకులపై పరచి, ఒకదాని తరువాత ఒకటిగా నన్ను తగిలించెను. రెండును నాకు ఒక్కటే బిఱుసు. ఆయన నన్ను విప్పి ప్రక్కన బెట్టి, రెండవదాని తోకవైపు సన్నదనమును బొటనవ్రేలితో తడవి చూచి, పెన్సిలుతో అచ్చట ఒక గీటు పెట్టెను.