అరటి యాప్ వేసుకున్నారా?

దసరా రోజు పొద్దున్నే మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో సెక్రటరీగారు ప్రకటించేశారు: "నేటి నుంచి మనమంతా అరట్టైలో. విదేశీ యాప్‌కి సెలవు." కింద వరసగా దండాలు, జెండాలు. అన్నీ వాట్సాప్‌లోనే. మధ్యాహ్నానికి వాచ్‌మన్ గేటు దగ్గర ఆపి, "అరటి యాప్ వేసుకున్నారా సార్?" అన్నాడు. వేసుకున్నాను. దసరాకి పాలపిట్టను చూడాలంటారు, ఈసారి యాప్‌ను చూశాం.

యాప్ మీద నాకు పగ లేదు. అరట్టై అంటే తమిళంలో పిచ్చాపాటీ. పేరులోనైనా నిజాయితీ ఉంది. మూడే రోజుల్లో, రోజుకు కొత్తగా చేరేవాళ్లు 3 వేల నుంచి 3.5 లక్షలకు పెరిగారని, దాన్ని తయారుచేసిన సంస్థ వ్యవస్థాపకుడు శ్రీధర్ వెంబు చెబితే సంతోషించాను కూడా. నాకు అరికాలి మంట నెత్తికెక్కేది ఈ వీడ్కోలు సభలు చూసినప్పుడే.

ఇల్లు ఖాళీ చేసేవాడు సామాను సర్దుకుని పోతాడు. వీళ్లు "వెళ్తాం, వెళ్తాం" అంటూ గుమ్మంలో చెప్పులేసుకుని గంటసేపు కబుర్లాడే చుట్టాల బాపతు. మా మూడో అంతస్తులో రిటైరైన బ్యాంకు మేనేజరుగారు 2021 జనవరిలో వాట్సాప్‌ను వదిలి సిగ్నల్‌కి వెళ్లారు, ఎలాన్ మస్క్ రెండు ముక్కలు రాశాడని. మరుసటి నెల ట్విటర్‌ను వదిలి కూకి వెళ్లారు. 2023 జులైలో థ్రెడ్స్‌కి. ఇప్పుడు అరట్టైకి. ఇన్నిసార్లు వెళ్లిన మనిషి ఒక్కసారీ వెళ్లలేదు!

ప్రతి ప్రయాణానికీ ఒక గులాబీ బొమ్మ, "ఇక సెలవు" అని ఒక స్టేటస్. దాన్ని ఎవరెవరు చూశారో అరగంటకోసారి లెక్క. ఎవరూ ఆపకపోతే మర్నాడు ఇంకో స్టేటస్, "నిజంగానే వెళ్తున్నాను" అని. కొత్త చిరునామా చెప్పడానికి పాత ఇంటికి రోజూ వస్తారు. నేను అరట్టైలో ఆయనకి "చేరారా?" అని పెట్టి పది రోజులైంది. ఇంకా చూడలేదు. వాట్సాప్‌లో మాత్రం తెల్లవారుజామున 5 గంటలకే శుభోదయం చెబుతున్నారు.

మా మేనల్లుడిది ఇంకో తీరు. లైనక్స్‌కి మారి ఆరేళ్లయింది, మారానని చెప్పడం ఇంకా పూర్తికాలేదు. ఓటీటీలన్నీ బహిష్కరించానన్న మా బావగారు సీరియల్ చివరి భాగం వచ్చాకే బహిష్కరించారు.

నవ్వింది చాలు. 2021 జనవరిలో, దేశమంతా వాట్సాప్‌ను వదిలేస్తున్నామని గొంతు చించుకుంటున్న ఆ నెలలోనే, మన దేశంలోనే పుట్టిన హైక్ మెసెంజర్ మూతపడింది. అదొకటి ఉందని ఒక్కరికైనా గుర్తొచ్చిందా? 2024 జులైలో కూ పసుపు పిట్ట ఎగిరిపోతే దానికి జై కొట్టినవాళ్లలో ఎందరు అయ్యో అన్నారు? ఎగబడి సర్వర్ల మీద పడతారు, వారానికి మరిచిపోతారు. సర్వర్లు పెంచలేక తంటాలు పడ్డ కుర్రాళ్లకి మిగిలేది కరెంటు బిల్లు. దీన్ని దేశభక్తి అనకండి, జాతర తొక్కిసలాట అనండి.

"మన డేటా మనదే" అని తొడలు కొట్టారే, ఆ ఎగబడ్డ రోజుల్లో అరట్టైలో కాల్స్‌కి ఎండ్ టు ఎండ్ ఎన్‌క్రిప్షన్ ఉంది, రాసుకునే సందేశాలకు లేదు. ఆ సంగతి ఒక్కడైనా కనుక్కున్నాడా? నేను గ్రూపులో అడిగాను. "మీలాంటివాళ్ల వల్లే దేశం ఇలా ఉంది" అన్నారు. అన్నాయన కిందటి వారమే చీరల షాపులో లక్కీ డ్రా కూపన్ మీద ఫోన్ నంబరు, పుట్టినరోజు, పెళ్లిరోజు రాసిచ్చి వచ్చాడు. రహస్యం కాపాడుకోవడమంటే ఏమిటో తెలియనివాళ్లు నాకు దేశభక్తి పాఠాలు చెబుతున్నారు!

మొన్న మంగళవారం నీళ్ల ట్యాంకర్ రాదన్న కబురును సెక్రటరీగారు నియమం తప్పకుండా అరట్టైలో మాత్రమే పెట్టారు. చూసింది ఇద్దరం, ఆయనా నేనూ. నేను నాలుగు బకెట్లు పట్టుకున్నాను. తక్కిన ఫ్లాట్లలో సబ్బు నురగతో నిలబడ్డవాళ్లు వాట్సాప్‌లోనే తిట్టారు, ఆయన వాట్సాప్‌లోనే క్షమాపణ చెప్పారు. బుధవారం నుంచి నీళ్ల కబుర్లు లిఫ్టు పక్కన పలక మీద వాచ్‌మన్ సుద్దముక్కతో రాస్తున్నాడు.